డోర్నకల్ స్తంభాల మీద పునరుత్థానం

ఏటా ఈస్టరు నాటికి నూజివీడు తోటల్లో రసాలు, బంగినపల్లి కాయ ముదురుతుంటుంది. అదే వారంలో మన సంఘాలవారు సమాధుల తోటలో పిచ్చిమొక్కలు పీకి, సమాధులకు సున్నం వేసి, తెల్లవారుజామున కొవ్వొత్తులతో వెళ్లి పాటలు పాడతారు. చనిపోయినవారి మధ్య నిలబడి జీవాన్ని గురించి పాడే ఈ ఆరాధన అర్థాన్ని తన పరిచర్యతో చూపించిన ఒక కాపరిని ఈ వారం జ్ఞాపకం చేసుకుందాం. ఆయన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు.

ఆయన 1874 ఆగస్టు 17న తమిళనాట తిరునల్వేలి ప్రాంతంలో, వెల్లాలన్‌విళై గ్రామంలో ఒక పాదిరిగారి కుమారుడుగా పుట్టారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేశారు. 1903లో తిరునల్వేలి విశ్వాసులు తమ సొంత కానుకలతో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. దానికి ముందు నిలిచినవారిలో ఆయన ఒకరు. ఆ సొసైటీ నైజాం రాజ్యంలోని డోర్నకల్‌ను పొలంగా ఎంచుకుంది. ఇతరులను పంపి ఊరుకోలేక 1909లో తానే వచ్చి తెలుగు నేర్చుకొని సేవ చేశారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, భారతీయులలో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు 38. 1920 తరువాత కృష్ణా ప్రాంతపు సంఘాలు కూడా ఆయన అధ్యక్ష మండలంలో చేరాయి. ఆ విధంగా ఆయన మన తాతముత్తాతల కాపరి.

ఆ మందలో ఎక్కువమంది మాల మాదిగ పేటల కూలీలు. వారికి మరణం ఇరుగుపొరుగు లాంటిది. కలరా వచ్చిందంటే పేటకు పేటే ఖాళీ అయ్యేది. తెగులుకు కారణం మీరేనని, అమ్మవారికి చందా ఇవ్వలేదని ఊరు నిలదీస్తే, నిన్న మొన్న బాప్తిస్మం పొందిన కుటుంబం ఏం చెప్పగలదు? చావును జయించిన ప్రభువు ఉన్నాడన్న ఒక్క మాటే వారికి ఆధారం. ఆ మాట పుస్తకంలో చదువుకొనే అక్షరజ్ఞానం చాలామందికి లేదు. అందుకే పగలంతా పొలంలో పనిచేసి వచ్చినవారికి రాత్రివేళ దీపం దగ్గర ఆరాధన జరిగేది. పాటగా, కథగా, కంఠతా పట్టిన విశ్వాస ప్రమాణంగా పునరుత్థానం వారి నోటికి వచ్చింది. ప్రతి ఆదివారమూ ఒక చిన్న ఈస్టరే అని ఆ నిరుపేద సంఘాలు పాడి నేర్చుకున్నాయి.

కళ్లతో చదువుకొనేలా అదే సత్యాన్ని అజరయ్యగారు రాతిలోనూ చెక్కించారు. డోర్నకల్‌లోని ఎపిఫనీ కథీడ్రల్ కట్టడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. విదేశీ గుడికి నకలు కాకుండా, గుమ్మటాలు, మన దేవాలయాల తీరు స్తంభాలు కలిపి దాన్ని కట్టారు. స్తంభాల మీద ఉమ్మెత్త పువ్వు, విచ్చుకున్న అరటి పువ్వు కనిపిస్తాయి. ఉమ్మెత్త మరణానికి గుర్తు. అరటి పువ్వు మరణం ద్వారా వచ్చే జీవానికి గుర్తు. గెల వేసిన అరటిచెట్టు ఇక బతకదని, దాని మొదట్లో పిలకలు లేస్తాయని పొలం మనిషికి ఎవరూ బోధించనక్కరలేదు. బల్ల దగ్గరికి నడిచే విశ్వాసి ఆ రెండు పువ్వుల మధ్యగా నడుస్తాడు.

ఆ బల్ల దగ్గర ఆయన రాజీపడని సంగతి ఒకటుంది. మాలలూ మాదిగలూ ఒకే గిన్నెలోనుండి పానం చేయాలి. ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు. క్రీస్తుతోకూడా పాతిపెట్టబడి, ఆయనతోకూడా లేచినవారికి పాత కులం ఏమిటన్నదే ఆయన వాదన సారం.

సంఘాల ఐక్యత కోసం 1919లో తరంగంబాడిలో మొదలైన ప్రయత్నంలో ఆయన ముఖ్యులు. పాతికేళ్లు దానికోసం శ్రమించారు. ఫలితం చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఆవిర్భవించింది. టెంక పాతినవాడే పండు తినాలని లేదు. ప్రభువునందు పడిన ప్రయాస వ్యర్థం కాదన్న పౌలు మాటకు అర్థం పునరుత్థాన అధ్యాయం చివర రావడంలోనే ఉంది. తాను పోయాక కూడా పని బతుకుతుందని నమ్మినవాడే అలా శ్రమించగలడు.

ఇప్పుడు మన సంగతి ఆలోచిద్దాం. మన సంఘాల్లో భూస్థాపనకు, జ్ఞాపకార్థ కూడికకు అప్పులు చేస్తున్న కుటుంబాలున్నాయి. ఫ్లెక్సీలు, భోజనాలు, వచ్చిన పెద్దల పేర్లు చదవడంలో సమయమంతా గడిచి, నిరీక్షణ వాక్యానికి పది నిమిషాలు మిగులుతున్నాయి. అంతకంటె బాధాకరం, ఏ పేటవారి సమాధుల స్థలం ఆ పేటవారికే అన్న పద్ధతి. ఆదివారం ఒకే గిన్నెలో పాలుపొందినవారు చనిపోయాక వేరువేరు గోడల వెనుక పడుకోవాలా? కడబూర మ్రోగినప్పుడు ప్రభువు ఏ గోడను చూస్తాడు?

ఏడవవద్దని మేము చెప్పడం లేదు. లాజరు సమాధి దగ్గర ప్రభువే కన్నీరు విడిచాడు. విధవరాలి పక్కన నేలమీద కూర్చుని ఏడ్చే సంఘమే నిజమైన సంఘం. అయితే ఆ కన్నీటిలో నిరీక్షణ ఉండాలి, ఆ ఇంటికి మనవల్ల అప్పు మిగలకూడదు. సంఘ పెద్దలు ఈ రెండు సంగతులు, ఖర్చు సంగతి, సమాధుల గోడల సంగతి, రాబోయే ఈస్టరుకు ముందే కమిటీలో మాట్లాడాలని మా మనవి. సున్నం వేయడంతో పాటు ఈసారి ఒక గోడ కూడా తీసివేయగల ధైర్యాన్ని తిరిగి లేచిన ప్రభువు మన సంఘాలకు అనుగ్రహించును గాక.