త్యాగరాజస్వామి కలిమి

శ్రీ త్యాగరాజస్వామి 1767వ సంవత్సరమున తంజావూరు సీమలోని తిరువారూరునందు, కాకర్లవారి తెలుగు కుటుంబమున జన్మించిరి. తండ్రి రామబ్రహ్మముగారు, తల్లి సీతమ్మగారు. పిమ్మట ఆ కుటుంబము కావేరీ తీరమునగల తిరువయ్యారున స్థిరపడెను. అచ్చట శొంఠి వెంకటరమణయ్యగారికడ స్వామి సంగీతము నభ్యసించిరి.

వారి జీవనాధారము ఉంఛవృత్తి. రామనామ సంకీర్తనము చేయుచు వీథులవెంట నడచి, గృహిణులు వేసిన బియ్యముతో ఇల్లు గడుపుకొనెడివారు. శిష్యుల భోజనమును ఆ బియ్యముతోడనే. ధనుర్మాసపు వేకువను మన పల్లెలకు వచ్చు హరిదాసును చూచినవారికి ఆ దృశ్యము కొంత ఊహకు రాగలదు.

1798 మొదలు 1832 వరకు తంజావూరు నేలిన శరభోజి మహారాజు వీరి కీర్తి విని ఆస్థానమునకు ఆహ్వానము, కానుకలు పంపిరనియు, స్వామి వానిని స్వీకరింపలేదనియు శిష్యపరంపర చెప్పును. ధనము సుఖమా, రాముని సేవ సుఖమా యని మనస్సు నడుగు ప్రసిద్ధమైన కల్యాణి రాగ కీర్తన అప్పటిదేయని ప్రతీతి.

అన్నగారైన జపేశునకు ఇది సహింపరానిదాయెను. హరికథలలో ఆయనను దుష్టునిగా చిత్రించుట పరిపాటి. కాని సంసారము నీడ్చువానికి లేమి వేదాంతచర్చ కాదు గదా! వాకిటికి వచ్చిన సంపద వెనుకకు మరలగా ఆయనకు ఆగ్రహము కలుగుటలో వింతలేదు. ఆ యాగ్రహమున తమ్ముడు నిత్యము పూజించు శ్రీరామ విగ్రహమును కావేరిలో పారవైచెనట.

రాజు కానుకలను గడ్డిపోచగా నెంచిన స్వామి, ఆ చిన్న విగ్రహమునకై తల్లిని బాసిన బిడ్డవలె విలపించిరి. ఊరూర వెదకిరి. వారి వైరాగ్యము రాతిగుండె కాదు. వారి సర్వస్వము ఆ విగ్రహముననే యుండెను. కొంతకాలమునకు నది ఇసుకలో అది దొరకగా, ఆ యానందము కీర్తనలై పొంగెనని చెప్పుదురు.

కుమార్తె సీతాలక్ష్మి వివాహమునకు ప్రియశిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతులు తెచ్చిన కానుక శ్రీరాముని చిత్రపటము. దానిని మోసికొని ఆయన కాలినడకన వచ్చెనట. రాముడే నడచివచ్చెనని స్వామి పరవశులై మోహన రాగమున పాడిరి.

స్వామి అంత్యదశలో సన్న్యాసము స్వీకరించి, 1847 జనవరి 6వ తేదీన, పుష్య బహుళ పంచమినాడు, సిద్ధి పొందిరి. శిథిలమైన సమాధికి 1920 ప్రాంతమున బెంగుళూరు నాగరత్నమ్మగారు తమ ఆర్జనను వెచ్చించి మందిరము కట్టించిరి. ఏటేట ఆరాధన దినమున విద్వాంసులు ఉంఛవృత్తి భజన చేయుచు, తిరువయ్యారు వీథుల వెంట ఆ సమాధికి నడచి వచ్చెదరు.