నాదశేషుడు ద్వారం వెంకటస్వామి నాయుడు

కవి కన్నుమూసిన పిమ్మట తాళపత్రం మిగులుతుంది. శిల్పి వెళ్లిపోయిన తరువాత రాయి నిలుస్తుంది. చిత్రకారుని కుంచె ఆగిపోయినా గోడమీది రంగులు కొంతకాలం ఆయన ఊసు చెబుతూనే ఉంటాయి. సంగీత విద్వాంసుని సంగతి అట్లా కాదు. ఆయన సృష్టించినది సృష్టించిన క్షణంలోనే గాలిలో కలిసిపోతుంది. సభలో కూర్చున్న శ్రోతల చెవులే దానికి తాళపత్రాలు. త్యాగరాజస్వామి కృతులు శిష్యుల పుణ్యమా అని దక్కినవి గాని, ఆయన కంఠం ఎట్టిదో చెప్పగలవారు నేడెవ్వరూ లేరు.

ఆ దురదృష్టాన్ని కొంతవరకైనా తప్పించుకొన్న తొలితరం విద్వాంసులలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఒకరు. ఆయన పెరిగి పెద్దవాడయ్యేనాటికి ధ్వనిని బంధించే యంత్రం దేశంలో అడుగుపెట్టి ఉన్నది. అందుచేత ఆయన వాద్యం సంపూర్ణంగా కాకున్నా, కొన్ని గడియలపాటు మనకు మిగిలినది. ఆ కొన్ని గడియలు మిగలడం వెనుక ఆయన తపస్సు ఎంత ఉన్నదో, పేరు ఆశించని రసికుల శ్రద్ధా అంత ఉన్నది.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళి పండుగనాడు, బెంగుళూరులో జన్మించినారు. పెరిగినది మాత్రం విశాఖపట్టణంలో. వెలుగుల పండుగనాడు పుట్టిన ఆ బాలునికి కనుచూపు మందం. నల్లబల్లమీద అక్షరాలు కనబడని పిల్లవానికి బడిచదువు ఎంతదూరం సాగుతుంది? ఆ దారి తొందరలోనే మూసుకుపోయినది. అయితే అన్నగారైన వెంకటకృష్ణయ్యగారికి ఫిడేలు వాదనం తెలుసు. తమ్ముని చేతికి ఆయన ఆ వాద్యాన్ని అందించినారు. పుస్తకం చదవలేని పిల్లవానికి చెవియే పుస్తకమయినది. వినడం, విన్నదానిని వేళ్లమీదికి తెచ్చుకోవడం, మళ్లీ వినడం, తప్పు దిద్దుకోవడం - ఇదే ఆయన పాఠశాల. ఆ పాఠశాలను ఆయన జీవితాంతం విడువలేదు.

ఆ చిన్నవాని చేతికి వచ్చిన వాద్యం చరిత్ర కూడా విచిత్రమైనదే. ఫిడేలు మన దేశపు వాద్యం కాదు. చెన్నపట్టణం కోటలో ఇంగ్లీషువారి బ్యాండు మేళం విని, ఒక ఐరోపా వాద్యకారుని వద్ద దానిని నేర్చి, మన సంగీతానికి మలచిన తొలి విద్వాంసుడు ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు. తంజావూరు సోదర చతుష్టయంలోని వడివేలు ఆ వాద్యంలో గడించిన ప్రావీణ్యానికి మెచ్చి తిరువాన్కూరు ప్రభువు స్వాతితిరునాళ్ 1834లో దంతపు ఫిడేలు బహూకరించినారు. ఐరోపాలో నిలబడి, భుజానికీ గడ్డానికీ నడుమ బిగించి వాయించే వాద్యం, మన విద్వాంసుల చేతిలో చాపమీదికి దిగినది. దాని తల కుడి చీలమండపై ఆనినది. అట్లా ఆనడంతో ఎడమచేతికి పట్టుకొనే భారం తప్పి, తీగమీద వేలు పైకీ కిందికీ జారే స్వేచ్ఛ దొరికినది. ఆ జారుడులోనే గమకం ఉన్నది. గమకం పలికిన నాడే పరదేశపు వాద్యం మనదయినది.

మనదైనా, దాని స్థానం మాత్రం చాలాకాలం పక్కవాద్యపు స్థానమే. గాయకుడు పాడినదానిని నీడవలె అనుసరించడం, ఆయన ఊపిరి తీసుకొన్నప్పుడు ఆ ఖాళీని నింపడం, తన వంతు వచ్చినప్పుడు నాలుగు స్వరాలు వేసి తప్పుకోవడం - ఫిడేలు విద్వాంసునికి లోకం అప్పగించిన పని అంతమాత్రమే.

1919లో విజయనగరం మహారాజా విజయరామ గజపతి తమ పట్టణంలో సంగీత కళాశాల స్థాపించినారు. చాగంటి జోగారావుగారి కుమారుడు గంగరాజు అంధుడు. ఆ బాలునికి సంగీతంపై గల ఆసక్తియే కళాశాల స్థాపనకు ప్రేరణ అయినదని చెప్పుకొంటారు. దానికి మొదటి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు. చూపులేని ఒక బాలునికోసం తెరచిన ఆ తలుపు, చూపు మందగించిన మరొక యువకునికి కూడా తెరుచుకొన్నది. నాయుడుగారు విద్యార్థిగా చేరవచ్చినారనీ, ఆయన వాద్యం విన్నవారు విద్యార్థిగా కాక ఉపాధ్యాయునిగా కూర్చుండబెట్టినారనీ సంగీతలోకంలో ప్రసిద్ధి. ఆయన అక్కడ ఫిడేలు ఆచార్యులయ్యేనాటికి వయస్సు ఇరవైయారేండ్లు మాత్రమే. 1936లో నారాయణదాసుగారి తరువాత ఆయనే కళాశాలకు అధ్యక్షులయినారు. ఘంటసాల వెంకటేశ్వరరావు వంటివారు సంగీతశిక్షణ పొందిన విద్యాలయం అది.

ఉపాధ్యాయపదవి లభించినంత మాత్రాన నాయుడుగారు తన విద్య ముగిసినదని అనుకోలేదు. నేర్చుకోవడం ఆయన దృష్టిలో ఒక తపస్సు. పగలంతా శిష్యులకు చెప్పినవాడు తిరిగి తానే శిష్యుడై సాధనకు కూర్చునేవాడు. పాశ్చాత్యులు విల్లును వాడే తీరును ఆయన శ్రద్ధగా గమనించినారు. మన విద్వాంసులు చాలామంది విల్లును చిన్నచిన్న ముక్కలుగా లాగే కాలంలో, ఆయన ఈ కొననుంచి ఆ కొనవరకు సుదీర్ఘంగా, ఎక్కడా గీసినట్లు లేకుండా లాగి నాదాన్ని నిలిపినారు. పద్ధతి పరదేశానిదైనా పలికిన రాగం మాత్రం అచ్చంగా మనదే. పరాయిదానిని చూచి భయపడనూ లేదు, దాని మోజులో పడి తనదానిని విడువనూ లేదు. ఈ వివేకమే ఆయన కళకు మూలకందం.

ఆయన వాద్యంలో బలప్రదర్శన లేదు. శ్రోతను అదరగొట్టాలన్న ఆరాటం లేదు. మెత్తని నాదం, నిదానమైన నడక, ఒక స్వరంనుంచి మరొక స్వరానికి పోయే త్రోవలో ఎక్కడ ఆగాలో ఎక్కడ ఆగకూడదో తెలిసిన సంయమం - ఇవి ఆయన గుణాలు. మైసూరు చౌడయ్య నాదానికి ఉధృతి కోరి ఏడు తీగల ఫిడేలును కల్పించుకొన్నారు. నాయుడుగారు నాలుగు తీగలతోనే తృప్తిపడి, వాటి లోతును వెదకినారు. చౌడయ్య, కుంభకోణం రాజమాణిక్యం పిళ్లై, ద్వారం వెంకటస్వామి నాయుడు - ఈ ముగ్గురినీ ఆ తరపు ఫిడేలుకు మూడు కన్నులుగా రసికులు భావించినారు.

1938లో వేలూరులో ఆయన గాయకుడు లేకుండా, ఫిడేలునే ప్రధానవాద్యంగా చేసి కచేరీ ఇచ్చినారు. కర్ణాటక సంగీతంలో ఏక ఫిడేలు కచేరీకి అదే నాంది అని పలువురు చెబుతారు. అది ఒక విద్వాంసుని ఘనతకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. పక్కన కూర్చున్న వాద్యం నడుమకు వచ్చి, గానం చేసే పని అంతా తానొక్కటే చేయగలదని నిరూపించుకొన్న సందర్భమది. నేడు ఫిడేలు విద్వాంసులు సభలలో ప్రధానాసనం అలంకరించడం మనకు సహజంగా కనబడుతున్నదంటే, దాని వెనుక ఆనాటి సాహసం ఉన్నది.

గౌరవాలు ఆయనను వెదకికొని వచ్చినాయి. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభకు అధ్యక్షత వహించినారు. సంగీత కళానిధి అయినారు. 1950లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించినది. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించినవి. ప్రపంచప్రసిద్ధుడైన ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మద్రాసులో న్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాద్యం విని ఆనందించినారు. ఏ ఖండంనుంచి ఆ వాద్యం మనకు వచ్చినదో, ఆ ఖండపు సంప్రదాయంలో ఆరితేరినవాడు, దాని మారిన రూపాన్ని ఒక తెలుగువాని ఒడిలో చూచినాడు. ఇంతకన్న నిండైన వృత్తం ఉంటుందా?

1964 నవంబరు 25వ తేదీన నాయుడుగారు పరమపదించినారు. కుమార్తె మంగతాయారు, కుమారుడు భావనారాయణరావు ఆ విద్యను కొనసాగించినారు. నూరేండ్ల జయంతి సందర్భంలో, 1993లో, భారత తపాలాశాఖ ఆయన చిత్రంతో బిళ్ల వెలువరించినది. కాని తపాలాబిళ్ల పాడదు. విగ్రహం వాయించదు. ద్వారం వారు ఎట్లా వాయించేవారని ఒక విద్యార్థి అడిగితే చూపించవలసినది మరొకటి ఉన్నది.

అది లక్కతో చేసిన నల్లని పళ్లెం. నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది; ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాలు మాత్రమే పలుకుతుంది. ఒక రాగాన్ని గంటసేపు విస్తరించగల విద్వాంసుడు ఆ మూడు నిమిషాలలో ఏమి చెప్పగలడు? చాలామంది తొందరపడినారు. నాయుడుగారి రికార్డులలో ఆ తొందర వినబడదు. చెంబులో పట్టినా గోదావరి నీరు గోదావరి నీరే అయినట్లు, ఆ కొద్దిపాటి వ్యవధిలోనే రాగపు ముఖం తేటగా కనబడుతుంది. అయితే లక్కపళ్లెం చేయిజారితే ముక్కలవుతుంది. సూది నడిచినకొద్దీ గాడి అరుగుతుంది. ఎన్నో ఇండ్లలో పెద్దలు పోయిన తరువాత అవి పాతసామానుతో కలిసి బయటికి పోయినవి. రేడియో కచేరీల సంగతి మరొక విధం. ధ్వనిపట్టీ ఖరీదైన కాలంలో ఒకదానిపై మరొకటి ముద్రించి మునుపటిదానిని చెరిపివేయడం పరిపాటి.

ఈ నష్టం నడుమ కొంతైనా మిగిలినదంటే, దానికి కారణం రసికులు. ఒకరు అంగడివీధిలో పాత పళ్లేలను తూకానికి కొని, తుడిచి, అట్టసంచులలో భద్రపరచినారు. మరొకరు ఇంట్లో టేపు యంత్రం పెట్టుకొని రేడియోలో వచ్చిన కచేరీని పట్టినారు. చుట్టలనుంచి క్యాసెట్లకు, క్యాసెట్లనుంచి కంప్యూటరుకు ఆ నాదం చేతులు మారినది. వి.ఎ.కె. రంగారావుగారి వంటి సేకర్తలు వేలకొలది పళ్లేలు కూర్చి, వాటి వివరాలు లోకానికి చెప్పినారు. పేరు తెలియనివారు ఇంకెందరో ఉన్నారు. దాచుకొని మురిసేవారూ వారిలో లేకపోలేదు. కాని దాచిన పళ్లెం ఏదో ఒకనాడు పగులుతుంది. పదిమందికి పంచిన నాదం పది చోట్ల బ్రతుకుతుంది. రికార్డు ప్రచురితమైన మరుసటి ఏటినుండి 60 సంవత్సరాలు గడిచిన పిమ్మట దానిపై హక్కులు ఉండవని మన చట్టం చెబుతున్నది. అంటే నాయుడుగారి జీవితకాలంలో వెలువడిన పళ్లేలు నేడు ప్రజలందరి సొత్తు.

విజయనగరానికి ఎంతో దూరాన, మన్మాడు రైలుదారిపై కామారెడ్డి ఉన్నది. నిజాంసాగరానికి చేరువలో ఎల్లారెడ్డి ఉన్నది. నాయుడుగారు విజయనగరంలో పాఠం చెబుతున్న రోజులలో ఆ ఊళ్లు వేరొక ప్రభుత్వం కింద ఉండినవి. మంజీరపై ఆనకట్ట లేస్తున్న కాలమది. ఆ పల్లెల రైతుబిడ్డకు విజయనగరపు కచేరీ వినే యోగం దాదాపు లేదు. తెలుగువాడై ఉండికూడా తెలుగువారి మహావాద్యకారుని విననివారు ఆనాడు లక్షలమంది. నేడు ఎల్లారెడ్డి బడిలోని ఒక బాలిక, కామారెడ్డిలో ఒక పంతులుగారి చేతిలోని ఫోనులో, ఎవరో ఊరూ పేరూ తెలియని రసికుడు కాపాడిన ఆ మూడు నిమిషాలను వినగలదు. గరగరమనే శబ్దం నడుమనుంచి, మంచుతెర వెనుక దీపంవలె, ఆ నాదం నెమ్మదిగా బయటికి వస్తుంది.

వినగలదు గాని, వింటున్నదా? వినుమని చెప్పేవారు ఉండాలి గదా! నాయుడుగారికి అన్నగారు ఉండినారు. నల్లబల్ల కనబడని బాలునికి మరొక ద్వారం చూపించినది ఆ అన్నగారే. తరగతిలో చదువు సరిగా అందని పిల్లవాడు, వెనుకబల్లమీద మౌనంగా కూర్చున్న పిల్ల, ఏ విద్యకు పుట్టినారో ముందుగా ఎవరికి తెలుసు? ద్వారం వారి జీవితంలో ఉపాధ్యాయులకు పాఠం ఇదే. విద్యార్థులకు వేరొక పాఠం ఉన్నది: ఆయనకు లోకం పుస్తకంలో కనబడలేదు, చెవి ఒగ్గి విన్నారు, విన్నదానికి నలభైయేండ్లకు పైగా విల్లు అరగదీసినారు. ఆ విల్లు ఆగి అరువదేండ్లు దాటినది. గాడిలో నిలిచిన నాదం మాత్రం, వినేవారికోసం, ఇంకా తిరుగుతూనే ఉన్నది.