సలమీ పట్టణము - బర్నబా భక్తుడు

కుప్ర ద్వీపపు తూర్పు తీరమున, ఫమగుస్తా పట్టణానికి ఉత్తరముగా సుమారు 6 కిలోమీటర్ల దూరములో సలమీ శిథిలాలున్నవి. మేము అక్కడికి చేరేసరికి ఎండ మండుతున్నది. వ్యాయామశాల ఆవరణలో పాలరాతి స్తంభాలు వరుసగా నిలిచియున్నవి. గైడు రోమా చక్రవర్తుల సంగతులు చెబుతున్నాడు గాని, మా మనస్సు బర్నబా మీదనే ఉన్నది.

ఆయన ఈ ద్వీపములో పుట్టిన లేవీయుడు. అసలు పేరు యోసేపు. బర్నబా అనునది అపొస్తలులు పెట్టిన పేరు. పొలము అమ్మి, ఆ సొమ్ము తెచ్చి వారి పాదముల యొద్ద పెట్టిన మనిషిగా ఆయన మనకు మొదట కనబడతాడు. మారుమనస్సు పొందిన సౌలు యెరూషలేముకు వచ్చినప్పుడు శిష్యులెవరూ నమ్మలేదు. వారిని తప్పు పట్టలేము. ఇల్లిల్లు చొరబడి విశ్వాసులను ఈడ్చుకొనిపోయినవాడే గదా! బర్నబా ఒక్కడే అతనిని చేరదీసి అపొస్తలుల యొద్దకు తోడుకొని వెళ్లాడు. తరువాత అంతియొకయలో పని పెరిగినప్పుడు తార్సు వరకు పోయి వెదకి తెచ్చినదీ ఆయనే.

క్రీ.శ. 46 ప్రాంతమున ఇద్దరూ ఓడ దిగినది ఈ సలమీలోనే. యూదుల సమాజమందిరాలలో ప్రకటించి, ద్వీపము దాటి పాఫుకు చేరి, అధిపతియైన సెర్గి పౌలును కలిశారు. అంతవరకు గ్రంథములో బర్నబా పేరు ముందు. అక్కడినుండి చాలాచోట్ల పౌలు పేరు ముందు. తాను తెచ్చినవాడు తనను దాటిపోయినందుకు బర్నబా నొచ్చుకున్నట్లు ఒక్క మాటయు లేదు.

వారు విడిపోయినది మార్కు విషయములో. పంఫూలియలో పని విడిచి వెళ్లిపోయినవానిని మళ్లీ తీసుకొనిపోరాదని పౌలు పట్టు. తీసుకొనిపోవలెనని బర్నబా పట్టు. వేదాంత కళాశాలలో చదివే రోజులలో, బర్నబా బంధుప్రీతికి లోబడ్డాడని మేము పరీక్షలో ధైర్యముగా వ్రాశాము. ఇరువది యేండ్లు సంఘములలో పని చేసిన తరువాత ఆ జవాబు మరల వ్రాయుటకు మాకు చేయి రాదు. ఏలయనగా, అదే మార్కు తనకు ఉపయోగకరమైనవాడని పౌలు చివరకు తిమోతికి వ్రాసి పిలిపించుకున్నాడు. బర్నబా మాత్రము మార్కుతో కుప్రకు ఓడ ఎక్కిన తరువాత అపొస్తలుల కార్యములలో మరి కనబడడు. సలమీలోనే హతసాక్షియైనాడని ఆ దేశపు సంఘము నమ్ముచున్నది.

అయిదవ శతాబ్దములో అంతియొకయ పీఠము కుప్ర సంఘముపై అధికారము కోరినది. ఆయన ఒకనాడు పెంచిన సంఘమే అది! జీనో చక్రవర్తి కాలములో (474-491) ఆర్చిబిషప్ అంతెమియొసు బర్నబా సమాధిని కనుగొన్నాడనీ, అస్థికలమీద మత్తయి సువార్త ప్రతి ఉన్నదనీ చెబుతారు. దానితో కుప్ర స్వాతంత్ర్యము స్థిరపడినది. అక్కడి ఆర్చిబిషప్ నేటికీ ఎర్ర సిరాతో సంతకము చేస్తారు.

సమీపములోని మఠము ఇప్పటి కట్టడము 1756 నాటిది. 1974లో ద్వీపము రెండుగా చీలినది. తోడబుట్టినవారైన ముగ్గురు వృద్ధ సన్యాసులు 1976లో మఠము విడిచిపోవలసివచ్చినది. నేడది మ్యూజియము. కొంచెము దూరములో చిన్న గుడి, దాని క్రింద రాతిలో తొలిచిన సమాధి. మెట్లు దిగి అక్కడ కాసేపు మౌనముగా నిలుచున్నాము. ఎవరో వెలిగించిపోయిన కొవ్వొత్తి ఇంకా మండుతూనే ఉన్నది. మేము పైకి వచ్చేసరికి బస్సువాడు హారను మ్రోగిస్తున్నాడు.