విలియం కింగ్ (భూగర్భ శాస్త్రవేత్త)

డాక్టర్ విలియం కింగ్ 19వ శతాబ్దానికి చెందిన భూగర్భ శాస్త్రవేత్త. కడప, కర్నూలు శిలాశ్రేణులను తొలిసారిగా సమగ్రంగా వర్ణించిన వ్యక్తిగానూ, సింగరేణి బొగ్గును కనుగొన్న వ్యక్తిగానూ ఈయన తెలుగువారికి సుపరిచితుడు. ఐర్లాండులోని గాల్వేలో ఆచార్యుడైన ఈయన తండ్రి పేరు కూడా విలియం కింగే కావడంతో ఇద్దరినీ ఒకరిగా పొరబడటం కద్దు. నియాండర్తల్ మానవునికి 1864లో శాస్త్రీయ నామం పెట్టినది తండ్రి.

కింగ్ 1857లో భారత భూగర్భ సర్వే సంస్థలో చేరి మద్రాసు రాష్ట్రంలో పనిచేశాడు. 1863లో సహోద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్‌తో కలిసి అత్తిరంపాక్కం వద్ద ప్రాచీన రాతి పనిముట్లను సేకరించాడు. ఆ కీర్తి చాలావరకు ఫుట్‌కే దక్కింది.

కడప - కర్నూలు పరిశోధన

ఈయన పేరు నిలిపిన గ్రంథం 1872లో వెలువడింది. సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల కడప హరివాణంలోని రాళ్ళలో వయసు చెప్పగల శిలాజాలు దొరకవు. కాబట్టి ఏ పొర ఏ పొరపై ఉన్నదో నడిచి చూడటమే మార్గం. వంగి, కోతకు గురైన పాత పొరలపై కొత్త పొరలు పరచుకొని ఉండటాన్ని బట్టి కింగ్ కర్నూలు శ్రేణిని కడప శ్రేణి నుండి వేరు చేశాడు. కడప శ్రేణిని పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణా సముదాయాలుగానూ, కర్నూలు శ్రేణిని బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు సముదాయాలుగానూ విభజించాడు. మన ఏళ్ళ, ఊళ్ళ పేర్లు ఆ విధంగా శాస్త్ర గ్రంథాలలోకి ఎక్కాయి. వజ్రాలకు ప్రసిద్ధమైన గులకరాతి పొర బనగానపల్లె సముదాయం లోనిదే.

మహానంది క్షేత్రం వద్ద నిలబడి చూస్తే ఈ విభజన కంటికి కనిపిస్తుంది. ఆలయం వెనుక కొండలు నల్లమల సముదాయానికి చెందినవి. ఎదుట నంద్యాల వైపు మైదానం క్రింద ఉన్నవి వాటికంటే చిన్న వయసు గల కర్నూలు రాళ్ళు. పాత రాళ్ళు తూర్పు నుండి కొత్తవాటి మీదికి నెట్టబడ్డాయని తరువాతి పరిశోధకులు వివరించారు.

కింగ్‌కు రాళ్ళ వరుస తెలిసింది కాని వాటి వయసు సంవత్సరాలలో తెలిసే సాధనం ఆనాడు లేదు. ఇసుకరాళ్ళలో జిర్కాన్, టైటానియం ఆక్సైడ్ ఖనిజమైన రూటైల్ వంటి రేణువులు ఎంత అరిగినా నశించక మిగులుతాయి. ఇటువంటి ఖనిజాలలోని యురేనియం క్షయాన్ని కొలిచి నేడు వయసు కడుతున్నారు. పులివెందుల ప్రాంతపు అగ్నిశిలల వయసు సుమారు 189 కోట్ల సంవత్సరాలని తేలింది. కృష్ణా సముదాయాన్ని తరువాతివారు తొలగించి శ్రీశైలం క్వార్ట్జైట్‌ను విడిగా చూపారు. మిగిలిన చట్రం చాలావరకు కింగ్ వేసినదే.

సింగరేణి

1871లో కింగ్ ఇల్లెందు సమీపంలో బొగ్గును గుర్తించాడు. తవ్వకం హక్కులు 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి లభించాయి. అక్కడి ఒక బొగ్గు పొరకు కింగ్ సీమ్ అని పేరు.

1887 నుండి 1894 వరకు సర్వే సంస్థకు అధిపతిగా పనిచేసిన కింగ్ 1900లో మరణించాడు.