హెన్రియెట్టాని ఎవరూ అడగలేదు

హీలా కణాల గురించి మన ఎంపీసీ బ్యాచ్‌కి పెద్దగా తెలీదు. ప్రపంచంలో ఎన్నో ల్యాబుల్లో ఇవాళ్టికీ పెరుగుతున్న కణాలవి. హెన్రియెట్టా లాక్స్ అనే ఆవిడ పేరు మొదలు, ఇంటిపేరు మొదలు కలిపి అలా పిలిచారు.

ఆవిడ 1920లో అమెరికాలోని వర్జీనియాలో పుట్టింది. నాలుగేళ్ళకే తల్లి పోతే తాతగారింట్లో పెరుగుతూ పొగాకు చేలల్లో పని చేసింది. పెళ్ళయ్యాక, భర్తకి ఉక్కు ఫ్యాక్టరీలో పని దొరకడంతో బాల్టిమోర్ వైపు వచ్చేశారు. ఐదుగురు పిల్లలు. 1951 మొదట్లో లోపల గడ్డలాంటిది ఉందని తనకే తెలిసి జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వెళ్ళింది. నల్లవాళ్ళకి అక్కడ వేరే వార్డులు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అన్నారు. రేడియం చికిత్స చేసేటప్పుడు ఆ గడ్డలోంచి చిన్న ముక్క తీసి జార్జ్ గై అనే డాక్టరు ల్యాబ్‌కి పంపారు. పరిశోధనకి వాడుకుంటామని ఆవిడతో ఒక్క మాట అనలేదు. అప్పట్లో అడిగే పద్ధతి లేదన్నది నిజమే. అయినా నాకది సమాధానంలా అనిపించదు.

మిగతా రోగుల కణాలు ల్యాబ్‌లో కొన్నాళ్ళకే చచ్చిపోయేవి. ఈవిడవి మాత్రం దాదాపు 24 గంటలకోసారి రెట్టింపయ్యాయి. అదే ఏడాది అక్టోబర్ 4న ఆవిడ చనిపోయింది. వయసు 31. పోలియో టీకా పరీక్షలకి ఆ కణాలే వాడారు, కంపెనీలు వాటిని అమ్ముకున్నాయి. ఆవిడ సమాధి మీద మాత్రం 2010 దాకా రాయి కూడా లేదు. చాలాకాలం హెలెన్ లేన్ అని తప్పు పేరే చెలామణీ అయింది.

ఇంట్లోవాళ్ళకి సంగతి తెలిసింది 1970లలో. రీసెర్చర్లు వాళ్ళ రక్తం కూడా తీసుకున్నారు. తమకి క్యాన్సర్ ఉందేమో చూస్తున్నారని పాపం వాళ్ళనుకున్నారు.

సీఎస్‌ఈ వాడిగా నాకు బాగా తగిలింది 2013లో జరిగింది. మార్చిలో జర్మనీ శాస్త్రవేత్తలు హీలా జీనోమ్ మొత్తాన్ని నెట్‌లో పెట్టేశారు. మనం డేటాసెట్ డౌన్‌లోడ్ చేసుకున్నప్పుడు ఏ వరుస వెనక ఎవరున్నారని చూస్తామా? ఇందులో హెన్రియెట్టా ఒక్కతే లేదు. బతికున్న పిల్లలు, మనవల ఆరోగ్యం గురించిన గుట్టు కూడా ఉంది. కుటుంబం అభ్యంతరం చెప్పేసరికి డేటా తీసేశారు.

రీసెర్చ్ ఆపేయమని వాళ్ళు అనలేదు, తమని కూడా కూర్చోబెట్టి మాట్లాడమన్నారు. ఆగస్టులో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌తో ఒప్పందం కుదిరింది. ఇప్పుడు ఆ డేటా కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. దాన్ని చూసే కమిటీలో శాస్త్రవేత్తల పక్కన లాక్స్ కుటుంబంవాళ్ళు కూడా కూర్చుంటారు. ఆ డేటాతో రాసే పేపర్లలో హెన్రియెట్టాకి, కుటుంబానికి కృతజ్ఞతలు చెప్పాలన్న షరతు కూడా పెట్టారు.