జకార్తా మెచ్చిన నటుడికి ఢిల్లీ బహుమతి దక్కలేదు
రేపు ఎస్వీ రంగారావు వర్ధంతి

ఇబ్రహీంపట్నం, జూలై 17: తెలుగు వెండితెరపై నేపాళ మాంత్రికుడిగా, ఘటోత్కచుడిగా, కీచకుడిగా వెలిగిన సామర్ల వెంకట రంగారావు 1974 జూలై 18న కన్నుమూశారు. అర్ధ శతాబ్దం గడిచిపోయినా మన పల్లెల్లో ఆయన పేరు చెరగలేదు. రచ్చబండ దగ్గర పెద్దవాళ్లను కదిపితే చాలు, మాయాబజార్ ముచ్చట మొదలవుతుంది. భారీ మనిషి ఎవరైనా గంభీరంగా నడిచి వస్తుంటే ఎస్వీ రంగారావు వస్తున్నాడని నవ్వుకోవడం ఇప్పటికీ ఉంది.

సినిమా అవార్డులు ప్రకటించినప్పుడల్లా గెలిచిన వారి ఫొటోలు పత్రికలకెక్కుతాయి. పోటీలో నిలిచి ఉత్త చేతులతో ఇంటిముఖం పట్టిన వారి మాట ఎవరికీ పట్టదు. అసలు పోటీలో నిలబడే అవకాశమే లేకపోయిన వారి సంగతి చెప్పనే అక్కరలేదు. తెలుగువారిలో అలాంటి వారిని తలుచుకుంటే మొదట గుర్తుకు వచ్చేది రంగారావే.

ఫైరాఫీసరు ఉద్యోగం నుంచి

రంగారావు 1918 జూలై 3న కృష్ణా జిల్లా నూజివీడులో జన్మించారు. కాకినాడలో చదివే రోజుల్లోనే యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో వేషాలు కట్టారు. చదువు ముగిశాక అగ్నిమాపక శాఖలో చేరి బందరు, విజయనగరాల్లో ఫైరాఫీసరుగా పనిచేశారు. కానీ మనసంతా నాటకం మీదే. వరూధిని చిత్రంలో ప్రవరాఖ్యుడి వేషం రాగానే ఉద్యోగం వదులుకున్నారు. 1947 ప్రారంభంలో విడుదలైన ఆ చిత్రం ఆడలేదు. మళ్లీ వేషాలు రాలేదు. పొట్టకూటి కోసం జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో ఉద్యోగానికి కుదిరారు. అక్కడి తెలుగువారితో కలిసి నాటకాలు ఆడుతూ ఆ దాహం తీర్చుకున్నారు.

కొంతకాలానికి పల్లెటూరి పిల్ల చిత్రంలో ప్రతినాయకుడి పాత్రకు పిలుపు వచ్చింది. సరిగ్గా అప్పుడే తండ్రి మరణించారు. ఆ పనులు ముగించుకుని మద్రాసు చేరేసరికి ఆ వేషం మరొకరికి వెళ్లిపోయింది. చేతికి దక్కింది చిన్న వేషమే. అయినా వెనుదిరగలేదు.

1950లో విజయా వారి షావుకారులో సున్నం రంగడి పాత్రతో జనం ఆయనను గుర్తుపట్టారు. మరుసటి ఏడాది పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడితో ఆయన పేరు ఊరూరా మోగింది. 1957లో మాయాబజార్‌లో ఘటోత్కచుడై పెళ్లివారి వంటకాలన్నీ ఒక్కడే ఆరగించిన దృశ్యానికి పిల్లలు కేరింతలు కొట్టారు. ఈనాటి పిల్లలూ కొడుతున్నారు.

అయితే ఆ ఏడాది తెలుగు చిత్రాల్లో రాష్ట్రపతి పతకం భాగ్యరేఖకు దక్కింది. మాయాబజార్‌కు ఢిల్లీలో ఏమీ రాలేదు. 2013లో ఒక జాతీయ టీవీ చానల్ జరిపిన ఓటింగులో మాత్రం భారతీయ చిత్రాలన్నింటిలో గొప్పదిగా మాయాబజార్‌నే జనం ఎన్నుకున్నారు. అప్పటికి చిత్రం వచ్చి 56 ఏళ్లు. రంగారావు బతికిందీ 56 ఏళ్లే.

కీచకుడికి పట్టం

విరాటపర్వం కథ మన ప్రాంతానికి కొత్త కాదు. భాగవతం ఆడేవారు ఊళ్లలో కీచక వధ ఆడితే తెల్లవార్లూ మేలుకుని చూసిన తరం ఇంకా ఉంది. ఆ కథనే రాజ్యం పిక్చర్స్ వారు 1963లో నర్తనశాలగా తీశారు. కమలాకర కామేశ్వరరావు దర్శకులు. ఎన్టీ రామారావు బృహన్నల, సావిత్రి సైరంధ్రి, దండమూడి రాజగోపాల్ భీముడు. కీచకుడు రంగారావు.

కీచకుడంటే కేకలు వేసే దుర్మార్గుడన్నట్టు ఆయన నటించలేదు. రాణిగారి తమ్ముడినన్న గర్వం, సైన్యమంతా తన చేతిలో ఉందన్న ధీమా, కన్నుగప్పిన కామం, ఇవన్నీ నడకలోనే చూపించారు. గద భుజాన వేసుకుని ఆయన అడుగు పెడితే కొలువంతా చిన్నబోయినట్టు కనిపిస్తుంది.

1964లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో ఆఫ్రో ఆసియా చిత్రోత్సవం జరిగింది. అక్కడ నర్తనశాల ప్రదర్శించగా రంగారావును ఉత్తమ నటుడిగా ఎన్నుకున్నారు. కళా దర్శకుడు టీవీఎస్ శర్మకు కూడా బహుమతి వచ్చింది. తెలుగు మాట తెలియని దేశంలో తెలుగు కీచకుడు గెలిచాడు. రామాయణ భారతాలు ఆ దేశానికీ ఇంటి కథలే అన్నది నిజమే. కానీ కథ తెలిసినంత మాత్రాన నటనకు బహుమతి ఇవ్వరు కదా.

ఆ పెట్టెలో నటుడికి చోటు లేదు

మరి ఢిల్లీలో ఏమైంది? 1963 చిత్రాల పోటీలో బంగారు పతకం హిందీ చిత్రం షెహర్ ఔర్ సప్నాకు వెళ్లింది. నర్తనశాల రెండో ఉత్తమ చిత్రంగా యోగ్యతాపత్రం పొందింది. అదీ చిన్న గౌరవం కాదు. కానీ కీచకుడికి విడిగా ఏమీ రాలేదు. రాకపోవడానికి కారణం న్యాయనిర్ణేతల పక్షపాతం కాదు. ఆ రోజుల్లో కేంద్ర బహుమతులు చిత్రాలకే గాని నటులకు లేవు. ఉత్తమ నటుడి బహుమతి 1967 చిత్రాలతో మొదలై బెంగాలీ నటుడు ఉత్తమ్ కుమార్‌కు మొదట దక్కింది. అప్పటికే మాంత్రికుడు, ఘటోత్కచుడు, కీచకుడు వచ్చి వెళ్లిపోయారు.

రాష్ట్రంలోనూ అదే కథ. నంది బహుమతులు 1964లోనే మొదలైనా ఉత్తమ నటుడికి నంది ఇవ్వడం 1977లో మొదలైంది. రంగారావు పోయిన మూడేళ్లకు. విచిత్రం ఏమంటే ఆయన ఇంటికి నందులు రాకపోలేదు. స్వయంగా దర్శకత్వం వహించిన చదరంగం, బాంధవ్యాలు చిత్రాలకు వెండి, బంగారు నందులు వచ్చాయి. చిత్రం తీసినందుకు నంది వచ్చింది గాని ముఖానికి రంగు వేసుకున్నందుకు రాలేదు.

పద్మ పురస్కారాల మాట వేరు. వాటికి అడ్డు ఏమీ లేదు. ఆయనతో కలిసి నటించిన నాగయ్యకు 1965లో, రామారావు, నాగేశ్వరరావులకు 1968లో, రేలంగికి 1970లో పద్మశ్రీ వచ్చింది. గుమ్మడికి 1977లో వచ్చింది. అందరూ అర్హులే. ఆ వరుసలో రంగారావు పేరు లేకపోవడమే ఆయన అభిమానులకు ఇప్పటికీ మింగుడు పడని సంగతి.

ఉత్తమ నటుడిగా జాతీయ బహుమతి ఒక తెలుగు చిత్రానికి రావడానికి 2023 దాకా ఆగాల్సి వచ్చింది. 2021 నాటి పుష్ప చిత్రానికి అల్లు అర్జున్ అందుకున్నారు. ఆ వార్త వచ్చిన రోజు పాత ప్రేక్షకుల్లో చాలామందికి సంతోషంతో పాటు రంగారావూ గుర్తుకు వచ్చి ఉంటారు.

పోయాక వచ్చిన గౌరవం

1974 ఫిబ్రవరిలో హైదరాబాదులో ఆయనకు గుండెపోటు వచ్చింది. ఉస్మానియా ఆసుపత్రిలో చికిత్స పొంది కోలుకున్నారు. జూలైలో మద్రాసులో మళ్లీ వచ్చిన గుండెపోటు ఆయనను తీసుకుపోయింది. 2013లో భారతీయ సినిమా నూరేళ్ల సందర్భంగా తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల వేసింది. నంది బహుమతుల్లో గుణచిత్ర నటుడికి ఇచ్చే బహుమతికి ఆయన పేరే పెట్టారు. నటనకు నంది ఎరుగని మనిషి పేరు మీద ఇతరులు నందులు అందుకున్నారు.

రంగారావుకు బహుమతి లేకపోయినా లోటు లేదని చెప్పి చేతులు దులుపుకోవడం తేలిక. జనం గుండెల్లో ఉన్నాడు కదా అంటాం. జనం గుండెల్లో ఉన్నవాడికి ప్రభుత్వం ఇవ్వవలసింది ఇవ్వడానికి అది అడ్డు కాదు. మన పల్లెల్లో కీచకుడి వేషం కట్టి వయసు మళ్లిన భాగవతుల కళాకారులు ఇంకా ఉన్నారు. వారి ఆటకు ఏ పెట్టెలోనూ చోటు లేదు. వారికి చేసే సన్మానం, ఇచ్చే పింఛను ఏదైనా సరే, చేతులు చాచి అందుకోగలిగిన రోజుల్లోనే అందాలి. రేపు రంగారావు పటానికి దండ వేసే వారు ఈ సంగతి కూడా ఆలోచిస్తే బాగుంటుంది.