ఆడీ జాస్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో విస్కాన్సిన్ రాష్ట్రము పాడి పరిశ్రమకు పేరుగన్నది. ఆ రాష్ట్రమందలి వుడ్లండ్ అను పల్లెలో 1880 ఏప్రిల్ 12వ తేదీన ఆడీ జాస్ జన్మించెను. తండ్రి జున్ను తయారుచేయువాడు. జాస్‌కు పదియేండ్ల వయసున తండ్రి మరణించెను. తల్లి టోపీలు కుట్టి అమ్ముచు సంసారమును నడపెను. జాస్ పదునారవయేటనే ఉన్నత పాఠశాల చదువు ముగించి, కొంతకాలము బడిలో పాఠములు చెప్పెను. పిమ్మట కళాశాలలో చేరెను. అచ్చటనే బేస్‌బాల్ ఆటలో అతని నేర్పు పదుగురి దృష్టికి వచ్చెను.

అమెరికనులకు బేస్‌బాల్ ప్రాణప్రదమైన క్రీడ. క్రికెట్‌లో బంతి విసరువాడు బౌలర్ అయినట్లే, ఈ ఆటలో విసరువాడు పిచ్చర్. జట్టునకు తొమ్మండుగురు. బ్యాటు పట్టినవాడు బంతిని కొట్టి, మూడు బేసులను వరుసగా దాటి, బయలుదేరిన చోటికి తిరిగి చేరినచో ఒక పరుగు లభించును. ముగ్గురు అవుటు కాగానే రెండవ జట్టు బ్యాటు పట్టును. ఇట్లు తొమ్మిది పర్యాయములు సాగును. ఎదుటి జట్టులో ఒక్కనినైనను మొదటి బేసు చేరనీయకుండవలెనన్న, వచ్చిన 27 మందిని వచ్చినట్లే అవుటు చేయవలెను. దానిని 'పర్ఫెక్ట్ గేమ్' అందురు. గొప్ప పిచ్చర్లలో సయితము అనేకులకు జీవితమున ఒక్కసారియు దక్కని ఘనత అది.

జాస్ ఆరడుగుల మూడంగుళముల పొడగరి. బంతి విసరుటకు ముందు అతడు నడుమును మెలిత్రిప్పి, వీపును బ్యాటరువైపు మరల్చి, బంతిని కడపటి క్షణమువరకు దాచియుంచెడివాడు. అది ఎచ్చటినుండి వచ్చునో ఎదుటివానికి అంతుపట్టెడిది కాదు. ఒహాయో రాష్ట్రమందలి టొలీడో నగర జట్టులో రెండేండ్లాడి, 1902లో అతడు క్లీవ్‌లాండు జట్టులో చేరెను. ఆ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన, పెద్ద జట్లతో ఆడిన మొదటి ఆటలోనే సెయింట్ లూయిస్ జట్టునకు ఒక్క పరుగైన నీయక గెలిచెను. ఆటల కాలము ముగిసిన పిదప అతడు ఊరకుండక, టొలీడో పత్రికకు క్రీడావ్యాసములు వ్రాయుచుండెను. మృదుభాషి, సరసుడు అగుటచే ఎదుటి జట్లవారును అతనితో స్నేహము చేసిరి.

1908లో క్లీవ్‌లాండు, డెట్రాయిట్, షికాగో జట్లు ప్రథమస్థానమునకై హోరాహోరీగా పోరాడుచుండెను. ఇక కొద్ది ఆటలే మిగిలియుండెను. అక్టోబరు 2వ తేదీన క్లీవ్‌లాండు మైదానమున జాస్, షికాగో పిచ్చరగు ఎడ్ వాల్ష్‌తో తలపడెను. ఆనాడు వాల్ష్ పదునైదుగురిని బంతి తగులనీయకయే అవుటు చేసెను. అయినను క్లీవ్‌లాండు వారు ఒక పరుగు సంపాదించిరి. జాస్ ఆ ఒక్క పరుగును కాపాడవలసియుండెను. ఆట కొనసాగినకొలది ప్రేక్షకులు కేకలు మాని, ఊపిరి బిగబట్టి చూడసాగిరి. 26 మంది అవుటైరి. కడపటివాడు కొట్టిన బంతిని మూడవ బేసు కాపరి అందుకొని మొదటి బేసునకు విసరెను. బంతి నేలబారుగా వచ్చినను, అచ్చటివాడు దానిని ఒడిసిపట్టెను. 74 బంతులతో జాస్ పర్ఫెక్ట్ గేమ్ ముగించెను.

అయినను ఆ యేడు ప్రథమస్థానము క్లీవ్‌లాండునకు దక్కలేదు. రెండు జట్లును తొంబదేసి ఆటలు గెలిచెను. క్లీవ్‌లాండు 64 ఓడెను. వర్షమువలన ఆగిన ఆటను తిరిగి ఆడని డెట్రాయిట్ 63 మాత్రమే ఓడెను. ఆ స్వల్పభేదముతో డెట్రాయిట్ విజేత అయ్యెను.

1910లో జాస్ మోచేతికి గాయమై, ఆ యేడు సగములోనే ఆట మానవలసివచ్చెను. మరుసటి యేడు ఏప్రిల్ 3వ తేదీన చట్టనూగా నగరమున మిత్రునితో మాటలాడుచు అతడు స్పృహతప్పి పడిపోయెను. క్షయరోగము మెదడుపొరలకు సోకెను. క్షయకు సరియైన మందు లేని కాలమది. స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని కనుగొనబడలేదు. 1911 ఏప్రిల్ 14వ తేదీన, ముప్పదియొకటవ యేడు నిండిన రెండు దినములకు, జాస్ కన్నుమూసెను.

అంత్యక్రియలు 17వ తేదీన టొలీడోలో జరుగవలసియుండెను. అదే దినమున క్లీవ్‌లాండు జట్టు డెట్రాయిట్‌లో ఆడవలసియుండెను. ఆటను నిలుపుటకు లీగు అధ్యక్షుడగు బాన్ జాన్సన్ మొదట సమ్మతింపలేదు. ఆటగాండ్రందరును ఏకమై, తాము టొలీడోకు పోవుట తథ్యమని తెలియజేసిరి. ధిక్కారమునకు శిక్ష పడవచ్చునని వారెరుగుదురు; అయినను వెనుదీయలేదు. తుదకు అధ్యక్షుడే ఆటను వాయిదా వేసెను.

జాస్ మరణముతో భార్యయు, ఇద్దరు పసిబిడ్డలును దిక్కులేనివారైరి. వారి సహాయార్థము అదే సంవత్సరము జూలై 24వ తేదీన క్లీవ్‌లాండులో ప్రత్యేకముగా ఒక ఆట జరిగెను. ఇతర జట్లనుండి టై కాబ్, వాల్టర్ జాన్సన్, ట్రిస్ స్పీకర్ మున్నగు మేటి క్రీడాకారులు తరలివచ్చిరి. కాబ్ తన దుస్తులు చేతికందకపోగా క్లీవ్‌లాండు వారి దుస్తులే ధరించి ఆడెను. 5-3 పరుగులతో అతిథులు గెలిచిరి. సుమారు పదుమూడువేల డాలర్లు పోగై, ఆ కుటుంబమునకు అందెను. పెద్ద లీగులలో ప్రముఖులతో కూడిన ఆల్ స్టార్ ఆట ఏటేట జరుపుట 1933లో గాని ఆరంభము కాలేదు.

జాస్ తొమ్మిదేండ్లలో 160 ఆటలు గెలిచెను. వానిలో 45 ఆటలయందు ఎదుటి జట్టునకు ఒక్క పరుగును దక్కనీయలేదు. బేస్‌బాల్ కీర్తిమందిరమున చోటు దొరకవలెనన్న పదియేండ్లు ఆడియుండవలెనను నియమము కలదు. జాస్‌కు ఒక యేడు కొరవడెను. అతడు మరణించిన అరువదియేడేండ్లకు, 1978లో, పెద్దలు ఆ నియమమును అతనికొరకు సడలించి కీర్తిమందిరమున స్థానమిచ్చిరి. గెలిచిన ఆటలకు లెక్క కలదు. కాని ఆడవలసిన ఆటను విడిచి అతని అంతిమయాత్రకు నడచిన చెలికాండ్ర ప్రేమను లెక్కించు పట్టిక ఏదియు లేదు.